మినహాయింపు వద్దు

“మీరు విదేశీయులు కదా, ఇది చదవక్కర్లేదు.”

జపనీస్ కళాచరిత్ర చదవడానికి ఇక్కడికొచ్చిన మొదటి సెమిస్టర్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. సెమినార్ బల్ల మీద ఎడో కాలపు బొమ్మల పుస్తకం నకలు ఉంది. బొమ్మల చుట్టూ వానపాముల్లా మెలికలు తిరిగిన రాత. అందరికీ తలా ఒక పేజీ పంచారు. నాకు మాత్రం ఇంగ్లీష్ అనువాదం ఇచ్చారు. ప్రేమగానే ఇచ్చారు. అప్పుడు నాకు హాయిగా కూడా అనిపించింది. ఇప్పుడు నా కోపమంతా ఆ హాయి మీదే.

ఆ రాతని కుజుషిజి అంటారు. ఆ పుస్తకాల్లో బొమ్మనీ రాతనీ ఒకే చెక్క మీద చెక్కి అచ్చు వేసేవారు. వేళాకోళం రాతలో మొదలై బొమ్మలో ముగుస్తుంది. రాత చదవలేనివాళ్ళకి బొమ్మ కూడా సగమే అందుతుంది.

పోనీ, ఇది పుట్టుకతో వచ్చే విద్యా అంటే, అదీ కాదు. 1900లో బడి చదువు కోసం ఒక్కో ధ్వనికి ఒక్క హిరగాన రూపాన్నే ఖాయం చేశారు. మిగతా రూపాలన్నీ వాడుకలోంచి జారిపోయాయి. ఇవాళ టోక్యోలో పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామంది తమ పూర్వీకుల ఉత్తరం చదవలేరు. సెమినార్లో నా పక్కన కూచున్న ఒసాకా అమ్మాయికీ ఆ రాత రాదు. తేడా ఒక్కటే. ఆమెని నేర్చుకోమన్నారు, నన్ను అక్కర్లేదన్నారు.

“బయటివాళ్ళ చూపు కొత్తగా ఉంటుంది, అది చాలు” అని ఒక వాదన ఉంది. ఆ చూపు ఏం చేయగలదో ఒకసారి చూద్దాం. ఫెనొల్లోసా 1878లో అమెరికా నుంచి టోక్యో విశ్వవిద్యాలయానికి తత్వశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. జపాన్ కళని ఉద్ధరించినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. చదవాల్సిన చోటల్లా దుబాసీల మీదే ఆధారపడ్డాడు. 1882లో ఇచ్చిన ప్రసంగంలో బుంజింగా అనే పండితుల చిత్రకళని తీసిపారేశాడు. అది చైనా పద్యమూ బొమ్మా ఒకే కాగితం మీద కలిసి ఊపిరి పీల్చుకునే కళ. పద్యం చదవలేనివాడికి అక్కడ కొత్తగా ఏం కనిపిస్తుంది? మనం బ్రౌన్‌ని తలుచుకునేది ఆయన తెల్లవాడి చూపు కోసమా? వేమన పద్యాల రాతప్రతులు పోగేసి, సరిచూసి, 1829లో అచ్చు వేయించినందుకు.

మినహాయింపుకి ఇంకో ముఖం కూడా ఉంది. “మీరు భారతీయులు కదా, బౌద్ధం మీద చేయండి. అజంతాతో పోల్చండి.” అంటే నా పరిశోధన ఏమిటో నా పాస్‌పోర్టే తేల్చేస్తుందన్నమాట! పోలిక తప్పని నేననను. చిత్రకారుడు అరాయ్ కంపో 1910లలో, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న అజంతాకి వచ్చి గుహల గోడల ముందు నిలబడి ఆ చిత్రాలకి నకళ్ళు తీశాడు. 1923 భూకంపంలో అవి నాశనమయ్యాయి. తర్వాత ముసలితనంలో హోర్యూజీ ఆలయపు కుడ్యచిత్రాలకి నకళ్ళు తీసే పనిలో దిగి, అది పూర్తికాకుండానే 1945లో పోయాడు. 1949లో ఆ అసలు చిత్రాలూ కాలిపోయాయి. రెండు గోడల మీది గీతల్నీ తన చేత్తో గీసి చూసినవాడికి పోల్చే హక్కు ఉంది. నాకు ఇంకా లేదు.

తప్పంతా వాళ్ళ మీదకి నెట్టి నేను తప్పుకోను. నా దరఖాస్తులో ‘వాబి-సాబి’ అనే మాట నాలుగుసార్లు ఉంది. మనం పట్టుకొచ్చేదే ఆ పొగమంచు జపాన్. ఇక్కడివాళ్ళు దాన్ని మర్యాదగా చెదరనివ్వరు, అంతే.

“ఇంగ్లీష్ కోర్సులు లేకపోతే నువ్వసలు వచ్చేదానివా?” అని అడుగుతారు. వచ్చేదాన్ని కాదు. తలుపు తెరిచినందుకు కృతజ్ఞతే. కానీ అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, సాగనంపితే అది మర్యాద అవుతుందిగానీ ఇల్లు చూపించినట్టు కాదు. ఏళ్ళు పడుతుందంటారా, పట్టనివ్వండి. డిగ్రీ గడువులో పూర్తిగా రాకపోవచ్చు. మొదలుపెట్టనివ్వకపోవడం మాత్రం అన్యాయం.

తారిన్ క్లానువత్ థాయ్‌లాండ్ నుంచి వచ్చి, వాసెదాలో జపాన్ ప్రాచీన సాహిత్యం చదివింది. కుజుషిజిని యంత్రంతో చదివించే పరిశోధనలో ముందు నిలిచింది. 2021లో వచ్చిన ‘మివో’ అనే ఫోన్ యాప్ ఆ కృషి ఫలమే. ఇవాళ జపనీయులు తమ పాత కాగితాల్ని ఆ యాప్‌తో చదువుకుంటున్నారు. “మీరు విదేశీయులు కదా” అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయి ఉంటే?

రెండో సెమిస్టర్లో వెళ్ళి నా పేజీ నాకివ్వమని అడిగాను. ఇచ్చారు. మూడు గంటలు కుస్తీ పడితే ఒక్క వాక్యం విడింది. అది జెన్ కాదు, వాబి-సాబి అంతకన్నా కాదు. ముఖానికి పూసుకునే తెల్ల పౌడర్ ప్రకటన!

నాకిచ్చిన అనువాదంలో అది లేదు.