వారం కంతుకు టమోటా కాయదు



మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ పల్లెకు పోయినా ఒక మాట వినబడుతుంది: "రేపు గ్రూపు మీటింగు, డబ్బు సర్దుకోవాల." చిన్న అప్పు ఇస్తే పేదింటి ఆడమనిషి వ్యాపారం పెట్టుకుని పైకొస్తుందని కంపెనీలు చెబుతాయి. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకూ, యూనస్‌కూ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని గుర్తు చేస్తాయి. పూర్తిగా కాదనలేం. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమెకు రోజూ డబ్బు చేతిలో పడుతుంది. ఆమె వారం వారం కంతు కట్టగలదు. మన సేద్యం అట్లా నడుస్తుందా?

టమోటా నారు నాటితే తొలి కోతకు అరవై, డెబ్బై రోజులు పడుతుంది. కంతు మరుసటి వారమే మొదలవుతుంది. పంట వచ్చినా ధరకు భరోసా లేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటిన టమోటా రెండు నెలలకే కూలిపోయింది. పుంగనూరు దిక్కు పాడావు కొంటే, అది వట్టిపోయిన నెలల్లో పాల బిల్లు రాదు. కుప్పంలో పట్టుపురుగులకు రోగం తగిలితే ఆ విడత గూళ్లన్నీ పోతాయి. కంతుకు మాత్రం ఇవేవీ పట్టవు.

నా ఇంటి సంగతే చెబుతా. 2009లో నా భార్య పేరున ముప్పై వేలు తీసుకున్నాం. ఫారంలో "పాడి ఆవు" అని రాశారు. ఆ డబ్బు నేను బోరుకు పోశాను. నీళ్లు పడలేదు. వడ్డీ నూటికి ఏడాదికి 15 అన్నారు. అంటే 4,500. యాభై వారాలు, వారానికి 690. అసలు వారం వారం తిరిగిపోతుంటే ఏడాదిలో మన దగ్గర సగటున నిలిచేది సుమారు 15 వేలే. దానిమీద 4,500 అంటే నూటికి 30. రూపాయి పావలా వడ్డీ అని చెప్పి రెండున్నర రూపాయల వడ్డీ గుంజారు.

ఒక వారం డబ్బు కుదరలేదు. గ్రూపు ఆడవాళ్లు వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. వాళ్లు పగవాళ్లు కారు, ఆమెతో కలిసి కూలికి పోయేవాళ్లే. కమ్మలు కుదువపెట్టి కట్టింది. అప్పు వాడుకున్నది నేను, కాగితం మీద వ్యాపారం ఆమెది, అవమానమూ ఆమెదే. కంపెనీలను తిట్టే ముందు మగవాళ్లం ఈ తప్పు ఒప్పుకోవాలి.

2010 ఆగస్టులో ఎస్కేఎస్ కంపెనీ షేర్లు అమ్మి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. అదే ఏడాది మన రాష్ట్రంలో వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చి, తర్వాత చట్టమైంది. కంతు నెలకోసారే అనీ, వసూలు పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ చోటే అనీ చెప్పింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఈ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఇక మన చేతిలో ఉన్నవి రిజర్వు బ్యాంకు నిబంధనలే.

వాటిలో ఏముందో ప్రతి ఇంటికీ తెలియాలి. కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం: అప్పు తీసుకున్నవారి అవసరాన్ని బట్టి కంతుల గడువు మార్చుకునే వీలు ఇవ్వాలి. ఈ చివరి మాటను మన దగ్గర ఎవరూ పైకి చెప్పరు. అడిగి తీసుకోవాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. సేద్యానికి ఇచ్చే అప్పుకు కంతు కోత తర్వాతే మొదలుకావాలి. ఆవు వట్టిపోయిన నెలల్లో కంతు ఆపాలి. పొలం కాగితం లేదని కౌలు రైతును బ్యాంకు వెనక్కి పంపకూడదు. బ్యాంకు గడప ఎక్కనివ్వకపోతేనే కదా అతను వారం కంతు దగ్గరికి పోయేది! పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు సకాలంలో అందాలి.

ఇంట్లో మనం చేయాల్సింది ఒకటుంది. ఆమె పేరున అప్పు తెస్తే ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఆమే చెప్పాలి. ఫారంలో ఆవు అని రాసి ఉంటే, కొట్టంలో ఆవు ఉండాలి.