చెరువు నంబరు కంపెనీ కంప్యూటర్లోకి ఎక్కాలి

రొయ్య రైతులకు, ఏజెంట్లకు, ప్రాసెసింగ్ కంపెనీల యాజమాన్యాలకు విజ్ఞప్తి

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల కాస్త పెద్ద ప్లాంటు ఏదైనా చూడండి. గేటు దాటి లోపలికి వచ్చిన సరుకుకు కంప్యూటర్లో లెక్క ఉంటుంది. ఏ షిఫ్టులో తలలు తీశారు, ఏ గ్రేడులో పడింది, కోల్డ్ స్టోరేజీలో ఏ వరసలో ఉంది, ఏ కంటైనరులో ఏ రేవు నుంచి ఎక్కింది, అన్నీ సప్లై చైన్ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ముందు వచ్చిన సరుకు ముందు కదులుతుంది. విదేశీ కొనుగోలుదారు ఫలానా గ్రేడు ఎంత ఉందని అడిగితే గోడౌనుకు మనిషిని పంపకుండానే జవాబు చెబుతున్నారు. కంటైనరులో మైనస్ 18 డిగ్రీల చలి ఎక్కడ తప్పిందో కూడా తెలిసిపోతోంది. వృథా తగ్గింది, ఆర్డర్లు నిలిచాయి. ఆ లాభాన్ని మేము కాదనడం లేదు. లెక్క గేటు దగ్గర కాదు, చెరువు గట్టు మీద మొదలుకావాలని అడుగుతున్నాం.

గట్టు మీద ఇప్పుడు ఏం జరుగుతోంది? పట్టుబడి రోజు తెల్లారకముందే వల లాగుతారు. ఏజెంటు కిలో రొయ్యలు తూచి ఒక్కొక్కటీ లెక్కపెడతాడు. నలభై వస్తే 40 కౌంటు, అంటే రొయ్య 25 గ్రాములు. నూరు వస్తే 100 కౌంటు, రొయ్య 10 గ్రాములే. ధర ఆ లెక్క మీదే తేలుతుంది. బేరం కుదిరాక ట్రేలు తూచి, ఐసు వేసి బండి ఎక్కిస్తారు. రైతు చేతికి ఒక చీటీ వస్తుంది: తేదీ, కౌంటు, బరువు, రేటు. అదే బండి దారిలో మరో రెండు చెరువుల దగ్గర ఆగుతుంది. చివరికి ప్లాంటు రికార్డులో చాలాచోట్ల పడేది ఏజెంటు పేరు, మొత్తం బరువు. ఏ హేచరీ సీడు, ఏ మేత, ఏ మందు, ఎన్ని రోజుల పంట అన్నది గట్టు మీదే ఆగిపోతుంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌కు అసలు సంగతి తెలియదు.

దీని ఫలితం అనుభవిస్తున్నది ఎవరు? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ యాంటీబయాటిక్స్ వందకోట్లలో ఒక భాగం కన్నా తక్కువ ఉన్నా నేటి పరీక్షల్లో దొరికిపోతాయి. అవశేషాలు పదేపదే బయటపడటంతో యూరప్ 2016లో మన పెంపకపు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతం సరుకుకు పెంచింది. ఒక చెరువులో వాడిన మందుకు కంటైనరు మొత్తం వెనక్కి వస్తుంది. ఏ చెరువుదో తేలదు కాబట్టి కంపెనీ ఆ నష్టాన్ని అందరి రేటులో కోస్తుంది. ఒక్క మందు చుక్క ముట్టని రైతు కూడా అందులో వాటా కడుతున్నాడు. మా మనసు మండేది ఇక్కడే. మార్కెట్ల సంగతీ ఉంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో కళ్ళారా చూశాం. యూరప్‌లో నిలదొక్కుకోవాలంటే ఏ రొయ్య ఏ చెరువుదో చూపించగలగాలి.

అమెరికా కూడా అదే అడుగుతోంది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో ఖరారు చేసిన ఆహార జాడ నిబంధనలో రొయ్యలూ ఉన్నాయి. అడిగిన 24 గంటల్లో వివరాలు అందించాలి. పెంపకపు సరుకైతే పట్టిన చెరువు పేరో, ఆ స్థలం గుర్తో అందులో ఉండాలి. 2026 జనవరిలో అమలు కావలసింది 2028 జులైకి వాయిదా పడింది. ఈ గడువు మనకు దొరికిన అదృష్టం, దాన్ని చేజార్చుకోకూడదు.

చెరువు దాకా లెక్క తేవడం అయ్యే పనేనా అని అనుమానం ఉన్నవారికి ఒక సంగతి. 2019లో వాల్‌మార్ట్ మన ఆంధ్ర చెరువుల రొయ్యనే తీసుకుని, అమెరికాలోని తన శామ్స్ క్లబ్ దుకాణాల దాకా బ్లాక్‌చెయిన్‌తో జాడ పట్టే ప్రయోగం చేసింది. అంతకుముందే మామిడితోనూ ఇలాంటి ప్రయోగం చేసింది. మామిడి ముక్కల ప్యాకెట్టు ఏ తోటదో కనుక్కోవడానికి దాదాపు ఏడు రోజులు పట్టేది. ఐబీఎంతో కలిసి దాన్ని 2.2 సెకన్లకు తెచ్చింది. మనకు అంత హంగు అక్కర్లేదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా చెరువులను నమోదు చేసి నంబర్లు ఇస్తూనే ఉంది. ఏజెంటు చేతిలో ఫోను ఉంది. తూకం దగ్గర చెరువు నంబరు కొట్టి, ఆ చెరువు ట్రేలకు వేరే ట్యాగు కట్టి, గేటు దగ్గర దాన్నే ఎక్కిస్తే చాలు.

కంపెనీలకు దీనివల్ల కలిసివచ్చేది కంటైనరు కాపాడుకోవడం ఒక్కటే కాదు. ఏ చెరువులో సీడు ఎప్పుడు వదిలారో, ఇప్పుడు ఎంత కౌంటు ఉందో తెలిస్తే వచ్చే మూడు వారాల్లో ఏ సైజు ఎంత దిగుతుందో ముందే అంచనా కడతారు. ఐసు, బండ్లు, పీలింగ్‌కు మనుషులు, కంటైనరు బుకింగు దాన్నిబట్టి ఏర్పాటవుతాయి. వైట్ స్పాట్ వైరస్ సోకి ఊరంతా ఒకేసారి వలలు వేసినప్పుడు ఐసు చాలక, బండ్లు దొరక్క గట్టు మీదే సరుకు పాడైపోవడం కొంతైనా తగ్గుతుంది.

అయితే రైతులు ఒక మాట అడుగుతారు, అది న్యాయమైన మాట. మా చెరువులన్నీ ఎప్పుడు తయారవుతాయో కంపెనీకి ముందే తెలిస్తే, సరిగ్గా అప్పుడే రేటు దించదా? దించగలదు. అందుకే సమాచారం ఒకవైపే వెళ్ళడానికి మేము ఒప్పుకోం. వాల్‌మార్ట్ 1990ల మొదట్లోనే రిటైల్ లింక్ అనే ఏర్పాటుతో తన దుకాణాల అమ్మకాల లెక్కను సరుకు పంపేవారికి తెరిచింది. ఏది ఎంత పోతోందో వారూ చూసుకున్నారు, వాల్‌మార్టూ బాగుపడింది. మన కంపెనీలూ అలా తెరవాలి. మండలంలో ఏ వారం ఎంత సరుకు దిగబోతుందో, ఏ కౌంటుకు గిరాకీ ఉందో రైతు ఫోనుకు రావాలి. తన సరుకు పరీక్ష ఫలితం, ప్లాంటులో తేలిన కౌంటు, తూకం కూడా రావాలి. కొన్ని పంటలు వరసగా శుభ్రమని తేలిన చెరువుకు కిలోకు అదనపు ధర రాతపూర్వకంగా ప్రకటించాలి. మందు వాడిన చెరువు నష్టం ఆ చెరువుకే పరిమితం కావాలి, తప్పు తేల్చేముందు రైతు సమక్షంలో రెండో నమూనా పరీక్షించాలి.

ఏజెంట్లను తప్పించడం మా ఉద్దేశం కాదు. పెట్టుబడి అప్పుగా ఇచ్చేదీ, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేదీ వాళ్ళే. చెరువు నంబరు నమోదు చేసే పనికి కంపెనీ వారికి వేరుగా కూలి కట్టాలి.

మొదలుపెట్టే వేళ కూడా ముఖ్యం. 1999లో అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌ను హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచుకొస్తున్న వేళ ఆన్ చేసి, గోడౌన్లలో సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మనం పట్టుబడుల హడావుడిలో ఆ సాహసం చేయొద్దు. చెరువులు ఎండగట్టే రోజుల్లో, ఒక్కో కంపెనీ ఒక్కో ఊరితో మొదలుపెట్టాలి.

రైతు సోదరులారా, ఈ పంట పట్టుబడికి చీటీ మీద చెరువు నంబరు రాయమని ఏజెంటును అడగండి. రాయని చీటీ తీసుకోకండి. యాజమాన్యాలారా, వచ్చే సీడు వేసేలోపు రైతులను, ఏజెంట్లను ప్లాంటుకు పిలిచి, మీ కంప్యూటర్లో వాళ్ళ చెరువుకు గడి ఎక్కడ ఉందో చూపించండి.