స్టీరింగ్ గేరు విరిగితే నేల కోసేస్తారా?

మన బంధువుల వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒకటే సలహా. "ఆ స్టీరింగ్ గేరు పీకించి ఫ్లోర్ గేరు పెట్టించేయ్, పీడా పోతుంది." జేజినాయన కొన్న 1978 పద్మిని గురించే ఈ మాటలన్నీ. పెళ్ళికి దానికి పూలదండ వేసి, పక్కన నిలబడి ఫోటో తీయించుకునేదీ వీళ్ళే. ఫోటోకి వారసత్వం, గేరు పడకపోతే మాత్రం గుజిరీ సామాను!

ముందు విరిగిందేమిటో చూద్దాం. గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు. స్టీరింగ్ పక్కన లివర్‌ను పట్టుకునే చిన్న పిన్ను తెగింది, అంతే. అది ఊరికే తెగలేదు. లివర్‌ను మనవైపు లాగినా, అవతలికి నెట్టినా ఏ జత గేర్లు కావాలో ఎంచుకుంటాం. పైకీ కిందికీ తిప్పితే గేరు పడుతుంది. ఈ రెండు కదలికలూ స్టీరింగ్ కాలమ్ వెంబడి దిగి, బానెట్ కింద రాడ్ల మీదుగా గేర్‌బాక్స్‌కి చేరతాయి. ప్రతి కీలు దగ్గరా ఒక బుష్. నలభై ఏళ్ళకు ఒక్కోటి కొంచెం కొంచెం అరుగుతుంది. అన్ని లూజులూ కలిసి లివర్ దగ్గరికొచ్చేసరికి, రెండు జతల మధ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని ఎవరో బలంగా గుంజుతారు. పిన్ను తెగుతుంది.

అందుకే పిన్ను ఒక్కటే మార్చి పంపించే మెకానిక్‌ని నమ్మొద్దు. కింద బుష్‌లు అలాగే ఉంటే మళ్ళీ తెగుతుంది. "చూశావా, ఇది బాగుపడదు" అని చెప్పడానికి అతనికి ఒక సాక్ష్యం దొరుకుతుంది. ఆ పక్కనే ఫ్లోర్ గేరు ఎస్టిమేటు రెడీగా ఉంటుంది.

ఇంకోటి. ఇంజన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ హాయిగా పడి, స్టార్ట్ చేశాక గరగరమంటే తప్పు షిఫ్టర్‌ది కాదు, క్లచ్ సరిగ్గా వదలట్లేదు. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు. అది కూడా చేయకుండానే నేల కోసేసిన బళ్ళు ఎన్ని ఉన్నాయో!

మనం చేయించింది ఇదీ. జేసీ రోడ్డులో తిరిగితే ఒక బుష్ దొరికింది, మిగతావి దొరకలేదు. పాతవాటిని కొలిచి లేత్ షాపులో గన్‌మెటల్‌తో తిప్పించాం. పిన్ను కొత్తగా చేయించాం. కోడిగుడ్డులా సాగిపోయిన రంధ్రాన్ని రీమర్‌తో గుండ్రంగా చేయించి, దానికి తగ్గ సైజు బుష్ కొట్టించాం. చివర్లో రాడ్ల పొడవు సరిచేశారు, అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. లేత్ ఖర్చంతా కలిపి 1,200 రూపాయలు. పదిహేనేళ్ళు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్ ఫీజే 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, దానికి గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు.

ఇక ఫ్లోర్ గేరు సంగతి. దానికి మధ్యలో రేకు కోయాలి, గేర్‌బాక్స్ మీది ఏర్పాటు మార్చాలి, ముందున్న పొడుగు సీటు తీసేయాలి. ఆ సీటు మధ్యలో కూర్చునే కదా మనమంతా లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్ళింది! గేరు స్టీరింగ్ మీద పెట్టిందే ముందు ముగ్గురు కూర్చోవడానికి.

సెంటిమెంటు వద్దంటారా, సరే, లెక్కే చూద్దాం. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో మార్పులు చేసి ఉండకూడదు. (ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి లేదు, అది వేరే మాట.) మన బండికి 2028లో యాభై నిండుతాయి. రెండు బుష్‌ల కోసం ఇప్పుడు రేకు కోయించుకుని, అప్పుడు ఆర్టీవోకి ఏం చెబుతారు?

పీకేసిన కాలమ్ సెట్టు ఎటు పోతుందో కూడా ఆలోచించండి. కిలోల లెక్కన తూకానికి పోతుంది. కుర్లా ఫ్యాక్టరీలో పద్మిని ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ముంబైలో పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగాయి. ఇక కొత్తగా వచ్చే సెట్లు లేవు. మద్రాసు పుదుపేటలోనో, మన శివాజీనగర్‌లోనో ఎవరో ఒకరు దాని కోసమే వెతుకుతుంటారు. ఇది చేయడం తెలిసిన మేస్త్రీలకు పని తగ్గేదీ ఇలాగే. మాకు రాడ్లు సరిచేసినాయన అరవై దాటినవాడు. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిపి తిడుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆయన కొడుకు ఫోన్లు రిపేర్ చేస్తాడట.

చిన్నాన్నా, మీ అంబాసిడర్‌కి కూడా ఇదే సలహా వచ్చిందని విన్నాను. కోయించేముందు ఒక్కసారి బానెట్ ఎత్తి, ఎవరినైనా లివర్ ఆడించమని, రాడ్ల కీళ్ళ దగ్గర ఎంత లూజుందో చేత్తో పట్టుకుని చూడండి. మన పద్మిని బుష్‌ల కొలతలు కాగితం మీద రాసిపెట్టాను, కావాల్సినవాళ్ళు అడగండి. మీ బండికి అవి సరిపోవు, కానీ ఎలా కొలవాలో తెలుస్తుంది.