గంటన్నరలో రొట్టె

ఇంట్లో బ్రెడ్డు కాల్చుకోవడం ఒక యజ్ఞమని చాలామంది భావన. నేనొప్పుకోను. అరకిలో మైదా, 7 గ్రాముల ఈస్టు, 10 గ్రాముల ఉప్పు, 350 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 4 పెద్ద చెంచాల ఆలివ్ నూనె. కలిపి, ముప్పావుగంట పొంగనిచ్చి, నూనె రాసిన పళ్ళెంలో పరచి, వేళ్ళతో గుంటలు నొక్కి, 220 డిగ్రీల వేడిలో పాతిక నిమిషాలు కాలిస్తే జెనోవావారి ఫొకాచ్చాకు దగ్గరి చుట్టం సిద్ధం. నూనె చలవతో మర్నాడు కూడా మెత్తగానే ఉంటుంది.

రాత్రంతా పులిసిన పిండి రుచి దీనికి రాదు, నిజమే. కానీ ఇందులో ఏముందో నాకు తెలుసు. పిండికి బిగువునిచ్చే పొటాషియం బ్రోమేటును మన దేశంలో నిషేధించింది 2016లో! అంతవరకూ ఆ పేరైనా వినకుండానే తిన్నామే, అదీ నా బాధ. అన్నట్టు, ఆలివ్ నూనె మరీ ఖరీదైనదే కానక్కరలేదు.