జాన్ సరే, లిండా మాటేమిటి?

ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవల ప్రస్తావన వస్తే చాలు, అందరూ జాన్ గురించే మాట్లాడతారు. రెండు సమాజాల మధ్య నలిగి, దేనిలోనూ ఇమడలేక ఉరేసుకున్న ‘ఆటవికుడు’. పాపం, నిజమే. కాని అతన్ని కన్న లిండా మాట ఎవరూ ఎత్తరేం?

మొన్న నందివెలుగులో ఆడవాళ్ళ సమావేశంలో ఈ కథ చెప్పాను. లిండా పెరిగిన లండన్‌లో పిల్లలు సీసాల్లో తయారవుతారు. ‘అమ్మ’ అన్నది అక్కడ బూతుమాట. గర్భం రాకుండా మందులు నడుముకు కట్టుకు తిరగాలి, ఎవరు పిలిచినా కాదనకూడదు. విహారయాత్రలో తప్పిపోయి, కడుపుతో, న్యూమెక్సికోలోని మాల్పయీస్ అనే పల్లెలో పడింది. తనకు నేర్పినట్టే బతికితే, మా మొగుళ్ళను లాక్కుంటోందని అక్కడి ఆడవాళ్ళు కొరడాలతో కొట్టారు. ఏళ్ళ తర్వాత లండన్‌కు తెస్తే, బిడ్డను కని ముసలిదైన ఆ ఒంటిని చూసి అందరూ అసహ్యించుకున్నారు. ఆయుష్షు తగ్గిస్తాయని డాక్టరుకు తెలిసిన మత్తుబిళ్ళలే మింగుతూ చచ్చిపోయింది.

“ఆ మొగుళ్ళని ఎవరూ కొట్టలేదా అక్కా?” అనడిగింది ఒకామె. లేదు.

జాన్‌కి రెండే దారులిచ్చి తప్పు చేశానని 1946 ముందుమాటలో హక్స్‌లీ ఒప్పుకున్నాడు. లిండా దారి గురించి ఆయనకి చింత లేదు.

మనకి ఆ లండనూ మాల్పయీసూ రెండూ ఇక్కడే ఉన్నాయి. కొడుకు పుట్టేదాకా కనమంటుంది ఇల్లు. ఇద్దరితో ఆపమంది ప్రభుత్వం. ఆడవాళ్ళకి మూడోవంతు స్థానాలిచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టమే, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులంది. మగవాళ్ళకీ అదే నిబంధన కదా అంటారు. నిజమే. మరి ఎప్పుడు ఆపాలో తేల్చే మాట ఏ ఇంట్లో కోడలి చేతిలో ఉంది?

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళకే పోటీ అర్హత ఇచ్చే చట్టం ఆలోచిస్తున్నామన్నారు. 1997లో రాష్ట్ర జనాభా విధానం వచ్చింది ఆయన పాలనలోనే! ఆ నవంబరులో శాసనసభ పాత నిబంధనని తీసేసింది. తీసెయ్యడం మంచిదే, మనం అడిగిందే. కాని చెప్పిన కారణం మన హక్కు కాదు. జననాలు తగ్గుతున్నాయి, వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు కావాలి. అప్పుడు ఎక్కువైన కడుపులే ఇప్పుడు తక్కువయ్యాయి. రెండుసార్లూ లెక్క వేసింది వాళ్ళే.

సమావేశం అయ్యాక ఒక పెద్దావిడ నా పక్కకొచ్చి కూర్చుంది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టగానే నర్సమ్మ వెంటబడి ఆపరేషన్ చేయించింది, మగబిడ్డని కనలేదని అత్త చచ్చేదాకా తిట్టింది.

“ఇప్పుడేమో ఎక్కువమందిని కనమంటున్నారంట గదమ్మా. అయితే అప్పుడు తప్పు చేసింది నేనేనా?”