పులిసిన కుండకూ కాచిన సారాకూ ఒకే చట్టమా?

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ప్రజలకూ, ప్రజాప్రతినిధులకూ, ఎక్సైజ్ శాఖ అధికారులకూ విజ్ఞప్తి



చోళ్లు నానబెట్టి, మొలకకట్టి, ఎండబెట్టి విసిరితే రాగిమాల్టు. దాన్ని పసిపిల్లలకు పోస్తాం, జ్వరం తగ్గినవాళ్లకు పోస్తాం. 2023 మార్చిలో ప్రభుత్వమే బడిపిల్లలకు రాగిజావ మొదలుపెట్టింది. అదే మాల్టును ఉడికించి, వడగట్టి, చల్లార్చి, ఈస్టు వేసి వారం రోజులు మూతపెట్టి ఉంచితే తేలికపాటి బీరు తయారవుతుంది. అప్పటిదాకా గౌరవంగా బతికిన ఆ ఇల్లు ఆ వారంలోనే నేరస్థుల ఇల్లయిపోతుంది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడాన్నే నిషేధించింది. ఇంట్లో తాగడానికి పులియబెట్టిన పది లీటర్లకూ, వాగు పక్కన బట్టీ పెట్టి అమ్మకానికి కాచిన సారాకూ మధ్య అది గీత గీయలేదు. ఆ గీత గీయమని అడగడానికే ఈ కరపత్రం.

పులియడం వేరు, కాచడం వేరు

ధాన్యంలోనో, పండులోనో, చెట్టు నీరులోనో ఉన్న తీపిని ఈస్టు తిని మత్తుగా మారుస్తుంది. ఆ తీపి అయిపోతే ఈస్టు పని ఆగిపోతుంది. అందుకే కల్లులోనూ బీరులోనూ ఆల్కహాలు సాధారణంగా నాలుగైదు శాతం దగ్గర ఉంటుంది. సారా అలా రాదు. పులిసిన ఊటను కుండలో మరిగించి, ఆవిరిని పట్టి, చల్లార్చి మత్తును చిక్కబరుస్తారు. దుకాణంలో అమ్మే బ్రాందీ, విస్కీలలో అది 42.8 శాతం. నాటుసారాలో ఎంతుందో కాచినవాడికే తెలియదు.

ప్రాణాలు తీసిన చాలా సారా విషాదాల వెనక మిథనాల్ అనే విషం ఉంది. ఫ్యాక్టరీల్లో వాడే స్పిరిట్‌ను దొంగచాటుగా కలిపినప్పుడు అది ప్రమాదమవుతుంది. ఊటలో నవసాగరం, యూరియా వేసేవాళ్లూ ఉన్నారు. చోడి మాల్టూ, మంచినీళ్లూ, ఈస్టూ వేసి పులియబెట్టిన కుండలో మనిషిని చంపేంత మిథనాల్ పుట్టదు. ఇంత తేడా ఉన్న రెండు పనులకు ఒకే కేసు, ఒకే పేరు పెట్టడం న్యాయం కాదు, ప్రజారోగ్యానికి మేలూ కాదు.

మన దగ్గర ఏముంది?

బీరంటే బార్లీ, హాప్స్ అనుకుంటాం. బార్లీ రాజస్థాన్, హర్యానాల వైపు పంట. హాప్స్ అనే చేదుపువ్వు తీగకు చలి కావాలి, వేసవిలో పొడుగాటి పగళ్లు కావాలి. మన దేశంలో అది హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండుతుంది. మన రణస్థలం మండలం బంటుపల్లిలోనే యునైటెడ్ బ్రూవరీస్ వారి బీరు కర్మాగారం ఉంది. కాని ఆ చుట్టుపక్కల చోడి రైతుకు దానితో పనిలేదు.

మొలకెత్తిన చోడికి పిండిని చక్కెరగా మార్చే గుణం బాగా ఉంది. ఈ విషయంలో జొన్న, గంటి మాల్టుల కంటే చోడి మాల్టు మెరుగు. నమ్మకపోతే ఇంట్లోనే చూడండి. చోడిపిండితో జావ చిక్కగా కాచి దించండి. వేడి కొంత తగ్గి అరవై అయిదు డిగ్రీల దగ్గరకు వచ్చినప్పుడు రెండు చెంచాల మాల్టుపిండి కలపండి. గరిటె నిలబడేంత చిక్కని జావ కాసేపట్లోనే పలచబడి జారిపోతుంది. గంట ఆగి రుచి చూస్తే నాలుకకు తీపి తగులుతుంది. మాల్టుతో చేసే ఏ బీరుకైనా మొదటి మెట్టు ఇదే. సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో చోళ్లు పులియబెట్టి, వేడినీళ్లు పోసి, వెదురుగొట్టంతో పీల్చే తోంగ్బా తరతరాలుగా ఉంది. ఉగాండాలో చోళ్లతో అజోన్ చేస్తారు. మన పక్కనే కోరాపుట్ కొండల్లో ధాన్యం పులియబెట్టి లాందా చేస్తారు.

మాల్టును పెనం మీద ఎంతసేపు వేయిస్తే అంత రంగు, అంత రుచి. లేతగా వేయిస్తే బిస్కెట్టు వాసన, ముదరగా వేయిస్తే కాఫీ చేదు. హాప్స్ ఎండబెట్టి గుళికలుగా అమ్ముతారు. చిటికెడు చాలు. అమెరికా కాస్కేడ్ రకం నిమ్మజాతి పండ్ల వాసన ఇస్తుంది, చెక్ దేశపు సాజ్ రకం మెత్తటి పచ్చిక వాసన ఇస్తుంది. దానికి జతగా సీతంపేట అనాస, మన్యం అల్లం, మిరియం, చింతపండు, అరకు కాఫీ వెయ్యొచ్చు. సీజను ముమ్మరంలో అనాసకాయలు అడిగినంతకు ఇచ్చేసి కొండ ఎక్కే సవర రైతుకు ఇది కొత్త గిరాకీ.

ఉద్దానం సంగతి చూడండి. జీడిపిక్కల బస్తా ధర గురించి ఏటా పోరాడతాం. పిక్క కంటే ఎన్నో రెట్లు బరువుండే జీడిపండును మాత్రం చెట్టు కిందే కుళ్లనిస్తాం. వగరు పోవడానికి ఆ రసంలో గంజి కలిపి తేర్చితే సరిపోతుంది. తేరిన రసం పులిస్తే మంచి వైను. గోవాలో ఆ పండుతోనే ఫెనీ చేసి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. ఫెనీ కాచిన సరుకు కాబట్టి దాన్ని మేం అడగడం లేదు. పండుకు విలువ కట్టడం వాళ్ల దగ్గర నేర్చుకుందాం అంటున్నాం.

ఇక జీలుగు. భామిని, సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలకు జీలుగు చెట్టు పొలంతో సమానమైన ఆస్తి. కందికొత్తల పండగకు కల్లు లేకుండా పూజ సాగదు. మైదానంలో సెగిడి, యాత కులాల గీత కార్మికులు మోకు కట్టుకుని తాటి, ఈత చెట్లు ఎక్కుతున్నారు. తెల్లవారుజామున దించిన తియ్యటి లొట్టి సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి పారబొయ్యాల్సిందే. శుభ్రంగా పులియబెట్టడం, చల్లగా నిలవ చెయ్యడం నేర్పితే ఆ కష్టం నేలపాలు కాదు. ఈ చేతుల్లో ఉన్న విద్యను కాపాడుకోవాలి.

ఇది పాత గాయం

1879 మార్చిలో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచింది. దాని కారణాల్లో పెద్దది కల్లు. అంతకుముందు వచ్చిన అబ్కారీ నిబంధనలు ఇంటికోసం కల్లు దించుకోవడాన్ని కూడా తప్పుగా మార్చాయి. దాని మీద ఆ ప్రాంతపు మన్సబుదారు చిగురుపన్ను అనే పన్ను వేశాడు. తాత నాటిన చెట్టు నుంచి తను తాగే కల్లుకు పన్ను కట్టమంటే కొండలు ఎదురుతిరిగాయి. తెల్లదొరతనం కల్లును, సారాను ఖజానా లెక్కగానే చూసింది. స్వతంత్ర భారతంలోనూ మన చట్టం ఆ చూపు నుంచి పూర్తిగా బయటపడలేదు.

మిగతాచోట్ల ఏం చేశారు?

బ్రిటన్‌లో ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్సు ఉండాలన్న నిబంధనను 1963లో ఎత్తేశారు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు అనుమతి వచ్చింది. వయోజనులు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకన్నా ఎక్కువమందీ ఉంటే 200. అమ్మకూడదు. సారా కాచడం మాత్రం నేరంగానే ఉంచారు. ఆ ఒక్క గీతతో ఆ దేశపు బీరు రూపం మారింది. ఇంటి బీరు సామాను అమ్మే దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో చికో అనే చిన్న ఊళ్లో సియెర్రా నెవాడా బ్రూవరీ పెట్టాడు. అలాంటి చిన్న బ్రూవరీలు తర్వాత ఊరూరా వచ్చాయి.

అంత దూరం వెళ్లక్కర్లేదు. మేఘాలయ 2020లో ఇంట్లో చేసే పండ్ల వైనుకు చట్టబద్ధత ఇచ్చింది. కేరళ 2022లో రైతు పండించిన పండ్లతో వైను చేసే చిన్న యూనిట్లకు నిబంధనలు తెచ్చింది. మధ్యప్రదేశ్ ఆదివాసుల ఇప్పసారాను వారసత్వ పానీయంగా గుర్తించి, స్వయం సహాయక బృందాల చేత చేయిస్తోంది. హైదరాబాదులోనూ 2015 నిబంధనలతో మైక్రోబ్రూవరీలు వచ్చాయి. లక్షల రూపాయల ఫీజు కట్టగలిగినవాడు బార్లీ బీరు తయారు చెయ్యడం వ్యాపారం, చోళ్లు పండించిన ఆడమనిషి తన కుండలో చేస్తే నేరం! ఈ తేడాకు కారణం డబ్బు తప్ప మరొకటి లేదు.

మద్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో 8వ అంశం. ఢిల్లీ అనుమతి కోసం కూర్చోనక్కర్లేదు. అమరావతిలో శాసనసభ తలుచుకుంటే చాలు.

ఆడవాళ్ల మాట ముందు

ఈ కరపత్రం చూసి ముందుగా కోపం వచ్చేది మన అక్కచెల్లెళ్లకే. ఆ కోపం న్యాయమైనది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని ఊపేసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్లు పోరాడింది కూలిడబ్బును ఊరి మధ్యలోనే మింగేసే సారా ప్యాకెట్ల మీద. ఇవాళ బెల్టుషాపు రూపంలో ఊళ్లోకి వస్తున్నది కూడా ఎక్కువగా బాటిల్లో వచ్చే కాచిన సరుకే.

మద్యం ఆరోగ్యానికి మంచిదని మేం చెప్పడం లేదు. ఏ రూపంలోనైనా అది హాని చేస్తుంది. కిడ్నీ జబ్బుతో బాధపడే ఉద్దానం లాంటి చోట ఆ మాట మరింత గట్టిగా చెప్పాలి. గర్భిణులూ, జబ్బుతో ఉన్నవాళ్లూ, 21 ఏళ్లు నిండనివాళ్లూ దాని దరికి రాకూడదు. అయితే తాగడం మానని మనిషి ముందు రెండు దారులున్నప్పుడు, నలభై శాతం సీసా దారి ప్రభుత్వమే తెరిచి, అయిదు శాతం కుండ దారి మూసెయ్యడం ఏ ఆడబిడ్డకూ మేలు చెయ్యదు. అందుకే నిర్ణయాధికారం ఊరి ఆడవాళ్ల చేతిలోనే ఉండాలని మేం అడుగుతున్నాం.

మా కోరికలు

1. ఎక్సైజ్ చట్టంలో పులియబెట్టిన పానీయాలనూ కాచిన పానీయాలనూ వేర్వేరుగా నిర్వచించాలి. కాచడం మీద ఇప్పుడున్న నిషేధం, శిక్షలు అలాగే ఉండాలి.

2. 21 ఏళ్లు నిండినవాళ్లు ఇంటి వాడకానికి ధాన్యం, పండు, బెల్లం, చెట్టు నీరుతో ఒక్కసారికి 20 లీటర్లకు, ఏడాదికి 200 లీటర్లకు మించకుండా పులియబెట్టుకోవచ్చని నిబంధన తేవాలి. ఆల్కహాలు 8 శాతం దాటకూడదు. ఇంటి నుంచి అమ్మకం ఉండకూడదు.

3. ఊరి అవసరానికి అమ్మకం చెయ్యదలిస్తే గీత సహకార సంఘాలకూ, మహిళా సంఘాలకూ మాత్రమే చిన్న యూనిట్ లైసెన్సు ఇవ్వాలి. ఫీజు వేల రూపాయల్లో ఉండాలి, లక్షల్లో ఉండకూడదు. ప్రతి విడత సరుకుకూ ఆహార భద్రత పరీక్ష తప్పనిసరి చెయ్యాలి.

4. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపానీయాలను నియంత్రించే, నిషేధించే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. దాన్ని ఆచరణలో పెట్టాలి. మైదాన గ్రామాల్లో కూడా ఆడవాళ్ల గ్రామైక్య సంఘం వద్దంటే ఆ ఊళ్లో యూనిట్ రాకూడదు.

5. విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం చోడి రకాలకు పెట్టింది పేరు. మాల్టుకు పనికొచ్చే రకాలను ఎంచే పని దానికి అప్పగించాలి. తాటి నీరా మీద పనిచేస్తున్న పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానం అనుభవంతో సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు శిక్షణ ఇవ్వాలి.

6. శిక్షణలో శుభ్రతకే మొదటి చోటు. కుండలు, గొట్టాలు మరిగే నీళ్లతో కడగడం, మరిగించిన రసాన్ని గబగబా చల్లార్చడం, పులుస్తుండగా గాజుసీసాలు బిగించకపోవడం, బిగిస్తే గ్యాసు నిండి పేలతాయని చెప్పడం, బూజు పట్టినదాన్ని పారబొయ్యడం నేర్పాలి.

7. కల్లు చెట్లు నరకడం ఆపాలి. ఈత, తాటి, జీలుగు మొక్కలు గెడ్డల వెంట, చెరువు గట్ల మీద నాటడానికి ఉపాధి హామీ పనులు కేటాయించాలి.

మీరు చెయ్యాల్సింది

వచ్చే గ్రామసభలో ఈ కోరికలను తీర్మానంగా పెట్టండి. వద్దనుకుంటే వద్దనే తీర్మానం చెయ్యండి. ఊరు మాట్లాడటమే మాకు ముఖ్యం. తీర్మానం ప్రతిని మీ ఎమ్మెల్యేకూ, జిల్లా కలెక్టరుకూ, ఎక్సైజ్ సూపరింటెండెంటుకూ పంపి రసీదు తీసుకోండి. గీత సంఘాలూ, మహిళా సంఘాలూ ఒకే కాగితం మీద సంతకాలు చెయ్యండి. కాలేజీ పిల్లలు ఊళ్లలో ఎన్ని ఈత, తాటి, జీలుగు చెట్లున్నాయో, ఎంత జీడిపండు కుళ్లిపోతోందో లెక్కరాసి ఇవ్వండి. లెక్క చేతిలో ఉంటే ఏ అధికారీ మన మాట కొట్టిపారెయ్యలేడు.

చట్టం మారేదాకా ఎవరూ దాన్ని అతిక్రమించవద్దు. నాటుసారా బట్టీ కనబడితే చెప్పడానికి వెనకాడవద్దు. మనం అడిగేది దొడ్డిదారి కాదు, అందరి ముందూ లెక్క చూపించి బతికే దారి. చోడి పండించే రైతుకూ, చెట్టెక్కే గీత కార్మికుడికీ, కొండ మీది సవర తల్లికీ ఆ దారి ఇచ్చే చట్టం కావాలి. ఈ శాసనసభ కాలంలోనే ఆ సవరణ తేవాలని మన ఎమ్మెల్యేలందరినీ, దానికి సిఫార్సు పంపాలని ముగ్గురు కలెక్టర్లనూ డిమాండ్ చేద్దాం రండి.

ఇట్లు,
ఈ మూడు జిల్లాల మేలు కోరే ఒక తోటి పౌరుడు