వంటయిల్లు: పొగలో మగ్గించు మాంసము

ఉత్తర కెరొలినాలోఁ గాపురమున్న మా చెల్లెలి జాబు ఈ నెల మా మాటలకుఁ గారణమైనది. పురిటినాళ్లలోఁ దనకుఁ దోడుండి కంటికి ఱెప్పవలెఁ గాచిన పొరుగు ముసలమ్మను విందునకుఁ బిలిచి, ఆమె కిష్టమని యెనిమిది పౌనుల పందిజబ్బను పొగపొయ్యిమీఁద వండఁ బూనెనఁట. దీనినే యచ్చట బార్బెక్యూ యందురు. మా యింట నీ మాంసము వాడుక లేదు. ఐనను రోఁతపడఁ బనిలేదు. చాళుక్యరాజు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దిని రచించిన మానసోల్లాసమున వరాహమాంసపాకము గలదు.

తెల్లవాఱుజామున హికరీ యను కట్టె రాఁజేసి, పొయ్యివేఁడిని ఫారన్‌హీటు లెక్కను 225 డిగ్రీలకు నిలిపెను. మాంసమునఁ గ్రుచ్చిన ఉష్ణమాపకము మధ్యాహ్నమునకు 155 చేరి, యచ్చటనే మూఁడు గంటలు కదలదయ్యెను. చెల్లెలికి గుండె జాఱెను. బొగ్గులు గ్రుమ్మరించి మంట పెంచెను. పైభాగము మాడెను, లోభాగము తోలువలె సాగెను. అతిథికి వడ్డింప మొగము చెల్లక యేడ్చెనఁట.

అప్పుడా ముసలమ్మ నవ్వి చెప్పిన సంగతి వినుఁడు. మాంసమునుండి తేమ యూరి యావిరి యగుచు, పొయ్యి యిచ్చు వేఁడిని దనతోఁ గొనిపోవును. వేసవిలో మన మట్టికూజలో నీరు చల్లఁబడుట యిందువలననే గదా! తేమ తగ్గినంతనే వేఁడి దానంతట నదియే పైకెక్కును. తొందరయున్నచో మాంసమును రేకులోఁ జుట్టవచ్చును. కాని పైపొర మెత్తఁబడును. చుట్టకుండుటయే మాకు మేలని తోఁచుచున్నది.

ఈ మాంసము 145 డిగ్రీలకే తినుటకు నిరపాయము. కాని కండలను బట్టియుంచు గట్టిపొరలు కరఁగి జిగురగుటకు 195 మొదలు 205 వఱకు రావలయును. పౌనుకు గంటన్నర మొదలు రెండు గంటలు పట్టును. ఎముకను లాగిన నూడివచ్చెనా, పాకమైనట్లే. దింపి గంటసేపు కప్పియుంచి, చేతులతోఁ జీల్చి, మిరపపొడి కలిపిన వెనిగరు చల్లుదురు. అంచున నెఱ్ఱని చాఱ కనఁబడిన పచ్చిదని భ్రమపడరాదు. అది పొగ పట్టుటచే వచ్చిన రంగు.

మఱుసటి నెల మా చెల్లెలు ముందునాఁటి రాత్రియే పొయ్యి రాఁజేసి, ముసలమ్మను మరలఁ బిలిచెను. మాపకము నిలిచిపోయిన వేళ నిద్దఱును పొయ్యిప్రక్కఁ గూర్చుండి పిల్లవానికి ఉగ్గు పెట్టుచుండిరఁట.